శ్రీనగర్‌లో చినార్ ఆకులు ఎర్రబడేది ఎప్పుడు? దసరా సెలవులకి వెళ్తే కనిపిస్తాయా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. విజయవాడ నుంచి మీరిద్దరూ, మూడో తరగతి చదివే బాబు, అత్తయ్యగారు, మామయ్యగారు. దసరా సెలవుల్లో వెళ్తే దాల్ సరస్సు చుట్టూ ఎర్రటి చినార్ ఆకులు కనిపిస్తాయా, ట్రావెల్స్ వాళ్ళు ఇచ్చిన అయిదు రాత్రుల ప్యాకేజీ తీసుకోవచ్చా, అత్తయ్యగారి మోకాళ్ళ నొప్పులతో, అందరూ శాకాహారులై ఉండి నెగ్గుకు రాగలరా అని అడిగారు. ఉద్యోగరీత్యా నేను శ్రీనగర్‌లో నాలుగేళ్ళు ఉన్నాను. బదిలీ అయి వచ్చేశాక కూడా ఆకులు రాలే కాలం కోసమే మూడుసార్లు వెళ్ళాను, అందులో ఒకసారి మా అమ్మని తీసుకుని. అందుకే కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. దసరా అక్టోబరు మొదటి పక్షంలో వచ్చిన ఏడు మీరు వెళ్తే చినార్లు నిండు పచ్చగా ఉంటాయి. దసరా బాగా ఆలస్యమై 20వ తేదీ తర్వాత పడితే అక్కడక్కడ రంగు మొదలై ఉంటుంది, అంతే. మీరు ఫోటోల్లో చూసిన ఆ నిప్పులాంటి ఎరుపు కావాలంటే అక్టోబరు చివరి వారం నుంచి నవంబరు 10 దాకా ఉన్న రోజుల్లో వెళ్ళాలి. నన్ను ఒక్క తేదీ చెప్పమంటే అక్టోబరు 30న అక్కడ దిగమంటాను. కొన్ని ఏళ్ళు ఇది దీపావళి వెళ్ళాక, కార్తీకం మొదటి రోజుల్లో పడుతుంది. కానీ పండగని నమ్ముకుని టికెట్లు తీయకండి. అధిక మాసం వచ్చిన ఏడు పండగలు ఆలస్యంగా వస్తాయి, చెట్లు అలా జరగవు. బాబుకి స్కూల్లో నాలుగు రోజులు సెలవు అడగాల్సి వస్తుంది. మూడో తరగతే కదా, అడిగేయండి.

చెట్లు రంగు మారడానికి ఒక వరస ఉంది. అక్టోబరు సగానికి రోడ్ల పక్కన నిలువుగా పెరిగే పోప్లార్ చెట్లు, నీటి ఒడ్డున ఉండే విల్లో చెట్లు పసుపు తిరుగుతాయి. చినార్ అన్నిటికంటే ఆఖరున కదులుతుంది. పగటి వెలుగు తగ్గేకొద్దీ ఆకుల్లో పచ్చదనాన్నిచ్చే పత్రహరితం తయారవడం ఆగిపోతుంది. అప్పటిదాకా దాని కింద మరుగున పడి ఉన్న పసుపు బయటపడుతుంది. ఎరుపు మాత్రం దాగి ఉన్న రంగు కాదు, అప్పటికప్పుడు ఆకులో మిగిలిన చక్కెర నుంచి తయారయ్యేది. పగలు ఎండ బాగా కాసి, రాత్రి గడ్డకట్టనంత చలి ఉంటే ఆ ఎరుపు చిక్కగా వస్తుంది. మబ్బు పట్టిన ఏడు చినార్లు తేనె రంగు దగ్గరే ఆగి, అక్కణ్ణుంచి గోధుమ రంగులోకి పోతాయి. గాలీవానా వస్తే ఒక్క రాత్రిలో సగం చెట్టు కింద ఉంటుంది. 2019లో అయితే నవంబరు 7నే పెద్ద మంచు కురిసి, ఇంకా ఆకులూ కాయలూ ఉన్న ఆపిల్ చెట్ల కొమ్మలు ఆ బరువుకి విరిగిపోయాయి. అందుకే ఒక్క రోజు చూసి వచ్చేసేలా కాకుండా, కనీసం నాలుగు ఉదయాలు చేతిలో ఉండేలా పెట్టుకోండి.

అక్కడివాళ్ళు ఈ రుతువుని హరుద్ అంటారు. మన శరత్తే అది. కశ్మీరీలో పాత ‘శ’ చాలాచోట్ల ‘హ’ అయిపోయింది. నాకు ఈ సంగతి తెలిసిన రోజు ఎందుకో ఆ ఊరు కొంచెం దగ్గరైనట్టు అనిపించింది.

ఇక ప్యాకేజీ. మీరు పెట్టిన వివరాల్లో ఒక రోజు గుల్మార్గ్, ఒక రోజు సోనమార్గ్, పహల్గామ్‌లో ఒక రాత్రి ఉన్నాయి. శ్రీనగర్ నుంచి గుల్మార్గ్ సుమారు 50 కిలోమీటర్లు, సోనమార్గ్ 80, పహల్గామ్ 90. చివర్లో అన్నీ కొండ దారులే. మిగిలిన ఒక్క పూటలో ‘మొఘల్ గార్డెన్స్, షికారా’ (అంటే దాల్ మీద తిప్పే చిన్న పడవ) అని రాశారు. మీరు వెళ్ళేది ఆకుల కోసమైతే ఇది తలకిందుల ప్రణాళిక. చినార్ లోయ అడుగున పెరిగే చెట్టు. గుల్మార్గ్ 2,600 మీటర్ల పైన ఉంటుంది, అక్కడి దేవదారు జాతి చెట్లు ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటాయి. ఆ రోజుల్లో అక్కడ గడ్డి ఎండిపోయి, మంచు ఇంకా పడక, ఏ రుతువుకీ చెందనట్టుంటుంది. రంగంతా కింద, సరస్సు చుట్టుపక్కలే ఉంది. అయిదు రాత్రులూ శ్రీనగర్‌లోనే ఉండండి. మరీ ఒక్క కొండ ఊరైనా చూడకపోతే ఎలా అని మామయ్యగారు అంటే పహల్గామ్ ఒక్కటి పెట్టుకోండి, దారి పొడుగునా ఆపిల్ తోటలు, లిద్దర్ నది ఒడ్డున పసుపు చెట్లు ఉంటాయి కాబట్టి.

సరస్సు చుట్టూ ఏది ఎప్పుడు చూడాలన్నది వెలుతురుని బట్టి ఉంటుంది. ప్యాకేజీ డ్రైవర్లు పట్టించుకోనిది సరిగ్గా ఇదే. దాల్‌కి తూర్పున జబర్వాన్ కొండలున్నాయి. నిశాత్, షాలిమార్ అనే మొఘల్ తోటలు ఆ కొండల పాదాల దగ్గర ఉంటాయి. పొద్దున సూర్యుడు కొండ దాటి పైకి వచ్చేదాకా ఆ తోటలు నీడలోనే ఉంటాయి. పడమటి ఒడ్డున హజ్రత్‌బల్ దగ్గరున్న నసీమ్ బాగ్ మీద మాత్రం పొద్దుటి ఎండ ఏటవాలుగా పడుతుంది. కాబట్టి ఉదయం నసీమ్ బాగ్, సాయంత్రం నిశాత్. ఇది తిరగేస్తే రెండూ చప్పగా కనిపిస్తాయి.

నసీమ్ బాగ్ మొఘలుల కాలంలో వేసిన చినార్ల తోపు, ఇప్పుడు కశ్మీర్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది. ఫౌంటెన్లు, పూల మడులు ఏమీ ఉండవు. వరసలు వరసలుగా చెట్లు, మధ్యలో దారులు. కొన్ని మొదళ్ళు ముగ్గురు చేతులు పట్టుకుని నిలబడినా చుట్టు అందనంత ఉంటాయి. ఎనిమిదింటికల్లా చేరుకోండి. నేల కనిపించదు, పాదం మునిగేంత ఆకు. మన అరచేతికంటే పెద్ద ఆకులు, అయిదు వేళ్ళలా చీలి ఉంటాయి. ఎండిన ఆకు మీద అడుగేస్తే అప్పడం విరిగినట్టు చప్పుడు. అప్పుడప్పుడు గాలి లేకుండానే పైనుంచి ఒక్క ఆకు విడిపోయి, గుండ్రంగా తిరుగుతూ దిగుతుంది. పొద్దున్నే ఆడవాళ్ళు చీపుళ్ళు, గోనె సంచులతో వచ్చి ఆకులు ఊడ్చి పోగులు పెడతారు. చూడ్డానికి శుభ్రం చేస్తున్నట్టే ఉంటుంది కానీ అది వాళ్ళ చలికాలపు ఇంధనం. పోగుకి నిప్పంటించి, పూర్తిగా బూడిద కాకముందే నీళ్ళు చిలకరించి ఆర్పితే తేలికపాటి బొగ్గు మిగులుతుంది. దాన్ని కాంగ్డీలో వేసుకుంటారు. కాంగ్డీ అంటే అల్లిన బుట్టలో కూర్చిన చిన్న మట్టి కుంపటి. ఫిరన్ అనే పొడుగాటి అంగీ లోపల దాన్ని పొట్ట దగ్గర పట్టుకుని నడిచేస్తుంటారు. మా అమ్మ అలా నడిచొచ్చిన ఒక పెద్దావిడని చూసి భయపడితే, ఆవిడ నవ్వి కుంపటి బయటికి తీసి అమ్మ చేతుల్లో పెట్టింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. పావుగంట అక్కడే కూర్చున్నారు.

శుక్రవారం మాత్రం అటు పెట్టుకోకండి, హజ్రత్‌బల్ దర్గాకి ప్రార్థనలకి వచ్చేవాళ్ళతో దారులు నిండిపోతాయి.

నిశాత్‌ని 1633లో నూర్జహాన్ అన్న ఆసఫ్ ఖాన్ వేయించాడు. మెట్లు మెట్లుగా 12 అంతస్తుల తోట. అత్తయ్యగారు పైదాకా ఎక్కక్కర్లేదు. కింది రెండు మూడు అంతస్తుల్లోనే మంచి చెట్లున్నాయి, బెంచీలున్నాయి. సాయంత్రం నాలుగింటికి ఎండ సరస్సు మీదుగా ఎదురుగా వచ్చి చినార్లలోంచి దూరుతుంది. ఆ అరగంట ఎటూ కదలకండి. నవంబరులో అయిదున్నర దాటితే సూర్యుడు ఉండడు, చలి కూడా తలుపు తీసినట్టు ఒక్కసారి దిగుతుంది. 1619లో జహంగీర్ వేయించిన షాలిమార్ కొంచెం చదునుగా ఉంటుంది, నడక తేలిక. రెండింటిలో ఒకటే చూడగలిగితే నిశాత్ చూడండి.

దాల్ మీద షికారా మధ్యాహ్నం ఎక్కితే చుట్టూ నగలూ శాలువాలూ అమ్మే పడవలే ఉంటాయి. ఒక్క రోజు కష్టపడి తెల్లవారుజామున అయిదింటికి ఎక్కండి. ముందు రోజు రాత్రే షికారా అతనితో మాట్లాడుకుని, రేటు తేల్చుకోవాలి. కాలువల్లోంచి తీసుకెళ్తే నీళ్ళ మీద కూరగాయల సంత ఉంటుంది. రైతులు తమ పడవల్లో తెచ్చినవి అక్కడే, పడవకి పడవ ఆనించి, బేరం చేసుకుని అమ్మేసి, వెలుగు బాగా వచ్చేసరికి వెళ్ళిపోతారు. ఆ రోజుల్లో ముల్లంగి, టర్నిప్, హాఖ్ అనే ఆకుకూర, నద్రూ కట్టలు ఉంటాయి. నద్రూ అంటే మన తామర తూడు. వేసవిలో గులాబీ రంగులో పూసిన తామరలు ఈ కాలానికి ఆకులు మాడి, నీళ్ళ మీద వంగిపోయి ఉంటాయి. రైతు పడవ అంచున నిలబడి, కొక్కెం ఉన్న పొడుగాటి కర్రని బురదలోకి దించి, తడిమి, మెలిపెట్టి లాగుతాడు. పైకి వచ్చిన తూడు నల్లటి బురదతో ఉంటుంది. నీళ్ళలో ఒకసారి జాడిస్తే తెల్లగా మెరుస్తుంది. బాబుకి బాగా నచ్చుతుంది, లోపల చిల్లులుంటాయి కదా.

తిండి దగ్గర మీకు టెన్షన్ అక్కర్లేదు. కశ్మీరీలు మనలాగే అన్నం తినేవాళ్ళు. పెరుగులో వండే నద్రూ యఖ్నీ, హాఖ్, రాజ్మా, దమ్ ఆలూ దొరుకుతాయి. ఆర్డరు చేసేటప్పుడు మాంసం రసం కలపకుండా వండారా అని తప్పకుండా అడగండి. లేదా పూర్తి శాకాహార భోజనశాలలు డల్‌గేట్ వైపు ఉన్నాయి, అక్కడికి వెళ్ళండి. పచ్చడి సీసా మీరు ఎలాగూ తీసుకెళ్తారు. పాత ఊళ్ళో నడిస్తే కిటికీలకి, అటకలకి దండలు కట్టిన వంకాయ ముక్కలు, టమాటాలు, సొరకాయ చుట్లు, ఎండుమిరపకాయలు వేలాడుతూ కనిపిస్తాయి. చలికాలానికి ఎండబెట్టుకునే కూరలవి. అత్తయ్యగారికి చూపించండి, ‘ఇవి మన ఒరుగులే కదా’ అంటారు. ఉప్పు వేసిన గులాబీ రంగు టీ మనకి అంత తొందరగా ఎక్కదు. కాహ్వా అలా కాదు, ఏలకులు, దాల్చిన చెక్క, బాదం, కుంకుమ పువ్వుతో వేడిగా ఇస్తారు, రోజుకి నాలుగు తాగినా విసుగు రాదు.

కుంకుమ పువ్వు అన్నాను కాబట్టి, ఈ ప్రయాణంలో వదలకూడని రెండో సంగతి ఇదే. చినార్లు ఎర్రబడే రోజుల్లోనే పాంపోర్ పొలాలు పూస్తాయి. శ్రీనగర్ నుంచి జమ్మూ వైపు హైవే మీద 15 కిలోమీటర్లలోపే. అక్టోబరు రెండో సగంలో మొదలై నవంబరు మొదటి వారం దాకా, రెండు మూడు వారాలే పూత. ఏడున్నరకల్లా అక్కడ ఉండండి, ఎండెక్కితే పువ్వులు కోసేసి ఉంటారు. దూరం నుంచి చూస్తే ఎర్రటి దున్నిన నేలలా ఉంటుంది. దగ్గరికి వెళ్ళి వంగి చూస్తే మట్టిలోంచి నేరుగా, ఆకుల గుబురు లేకుండా, ఊదారంగు పువ్వులు వచ్చి ఉంటాయి. ఒక్కో పువ్వులో మూడు ఎర్రటి పోగులు, మూడు పసుపువి. ఎర్రవే కుంకుమ పువ్వు. ఒక్క గ్రాము ఎండు పోగులకి దాదాపు 150 పువ్వులు కావాలి. ఇంటిల్లిపాదీ బుట్టలు పట్టుకుని నడుం వంచి కోస్తుంటారు, తర్వాత ఇంట్లో చుట్టూ కూర్చుని గోళ్ళతో పోగులు విడదీస్తారు. పొలంలోకి దిగేముందు అడగండి, సాధారణంగా రమ్మనే అంటారు. కాలు మాత్రం చాళ్ళ మధ్యే వేయాలి, బాబు చెయ్యి పట్టుకోండి. ఆ మడుల్లో ఇంకా విచ్చని మొగ్గలుంటాయి, రేపటి సంపాదన అది.

కొనేటప్పుడు ఒక పరీక్ష. గోరువెచ్చటి నీళ్ళలో రెండు పోగులు వేయండి. అసలుదైతే నెమ్మదిగా, పది పదిహేను నిమిషాల్లో నీళ్ళు బంగారు పసుపు రంగు తిరుగుతాయి, పోగు మాత్రం ఎర్రగానే ఉంటుంది. వేసిన వెంటనే ఎర్రరంగు వదిలి పోగు తెల్లబడితే అది రంగద్దిన సరుకు. కశ్మీర్ కుంకుమ పువ్వుకి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ గుర్తున్న పొట్లాలు పాంపోర్‌లో దొరుకుతాయి. షికారాలో పక్కకొచ్చి సగం ధరకి ఇస్తానన్న డబ్బా జోలికి పోవద్దు.

అత్తయ్యగారు కార్తీక సోమవారాలు చేస్తారని రాశారు. దాల్ పక్కనే కొండ మీద శంకరాచార్య ఆలయం ఉంది, శివాలయం. పైనుంచి సరస్సూ ఊరూ మొత్తం కనిపిస్తాయి. కానీ కారు ఆగే చోటు నుంచి ఇంకా 240 మెట్ల దాకా ఎక్కాలి, మధ్యలో తేలికదారి ఏమీ లేదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని అక్కడికి తీసుకెళ్ళొద్దని గట్టిగా చెప్తాను. ఎక్కడం కంటే దిగడమే కష్టం, ఆ మర్నాడు ప్రయాణమంతా మంచానికే పరిమితం అవుతుంది. దానికి బదులు గాందర్‌బల్ వైపు తుల్ముల్లాలోని ఖీర్ భవానీ గుడికి వెళ్ళండి, సుమారు 25 కిలోమీటర్లు. ఊట నీటి మధ్యలో చిన్న పాలరాతి గుడి, చుట్టూ పెద్ద పెద్ద చినార్లు, మెట్ల బాధ లేదు. అమ్మవారికి క్షీరాన్నం నైవేద్యం. మాంసం తిని అక్కడికి వెళ్ళకూడదన్నది పాత ఆచారం, మీకు ఆ ఇబ్బంది లేదు. అక్కణ్ణుంచి మానస్‌బల్ సరస్సు దగ్గరే. దాల్ హడావిడి ఏమీ లేకుండా, కొండ నీడ కదలకుండా నీళ్ళలో కనిపిస్తుంది. ఆ రోజంతా ఈ రెంటికే ఇవ్వండి.

బస విషయంలో నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. అమ్మని సంబరంగా హౌస్‌బోట్‌లో దించాను. నక్కాషీ చెక్క పని, తివాచీలు, అంతా అందంగా ఉంది. రాత్రి పదింటికి కరెంటు పోయింది, విద్యుత్ దుప్పటి చల్లబడిపోయింది. కట్టెల పొయ్యి హాల్లో మాత్రమే ఉంది. అమ్మకి తెల్లారేదాకా పాదాలు వెచ్చబడలేదు, రెండు రోజులు దగ్గుతో పడుకుంది. తప్పు నాదే, నేను ముందు అడగలేదు. మీరు ఫోన్లోనే అడగండి: పడక గదిలో వేడి ఎలా వస్తుంది, కరెంటు పోతే జనరేటర్ రాత్రంతా వేస్తారా అని. పగలు 18 డిగ్రీలు ఉన్నా రాత్రి నాలుగైదుకి పడిపోతుంది. పైగా దాల్ మధ్యలో ఉన్న హౌస్‌బోట్‌కి ప్రతిసారీ ఊగే షికారాలోంచి ఎక్కి దిగాలి, అది మోకాళ్ళకి మంచిది కాదు. మీకు నా సలహా: నాలుగు రాత్రులు ఒడ్డున హోటల్లో, ఒక్క రాత్రి దాల్ పక్కనే ఉన్న నిగీన్ సరస్సు వైపు హౌస్‌బోట్‌లో. నిగీన్‌లో కొన్నిటికి ఒడ్డు నుంచే నడిచి వెళ్ళే చెక్కదారి ఉంటుంది. ఉన్ని సాక్సులు, చెవులకి టోపీ, థర్మల్స్ పెద్దవాళ్ళకి తప్పనిసరి. వాళ్ళు వేసుకునే బీపీ మందుల సంగతి బయల్దేరే ముందు డాక్టరుని ఒకసారి అడగండి, అంత చలి అలవాటు లేని ఒళ్ళు కదా.

ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ పనిచేస్తాయి. ఇంట్లో ఒక్కరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండేలా చూసుకోండి. తిరుగు ప్రయాణంలో విమానాశ్రయం గేటు బయటే సామానంతా దింపి స్కాన్ చేయించాలి, తర్వాత లోపల మళ్ళీ తనిఖీలు. మూడు గంటల ముందు చేరండి.

భద్రత గురించి మామయ్యగారు అడిగింది న్యాయమైన ప్రశ్న. 2025 ఏప్రిల్‌లో పహల్గామ్ దగ్గర జరిగిన దాడిలో మన తెలుగువాళ్ళూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తర్వాత చాలా పర్యాటక ప్రదేశాలు మూసేసి, విడతలవారీగా తెరిచారు. కాబట్టి టికెట్లు తీసేటప్పుడు ఒకసారి, బయల్దేరే వారం మరోసారి జమ్మూ కశ్మీర్ పర్యాటక శాఖ ప్రకటనలు చూడండి. మూసి ఉన్న చోటికి ‘నేను తీసుకెళ్తా’ అన్న డ్రైవరు మాట వినొద్దు. వాపసు వచ్చే టికెట్లే తీసుకోండి. పెద్దవాళ్ళ మనసు ఒప్పుకోకపోతే ఈ ఏటికి ఆపేయండి, వాళ్ళని బలవంతపెట్టి తీసుకెళ్ళాల్సిన ప్రయాణం కాదిది.

ఇంక బాబు సంగతి. ఆకులు ఏరి తెచ్చుకోవచ్చా అని వాడు అడిగాడని రాశారు. చెట్టు నుంచి కోయనివ్వకండి, కింద రాలినవి కావలసినన్ని. పొద్దున మంచు తడి మీద ఉన్నవి కాకుండా, పదకొండింటికి, తడి ఆరి ఇంకా పెళుసెక్కని ఆకులు ఏరమనండి. పచ్చ, పసుపు, తేనె, ఎరుపు, గోధుమ, ఒక్కోటి చొప్పున అయిదు దొరికితే చాలు. ఆ రాత్రే పాత న్యూస్‌పేపరు మడతల్లో పెట్టి, సూట్‌కేసు అడుగున బట్టల బరువు కింద ఉంచండి. రోజూ పేపరు మార్చాలి. మా ఇంట్లో ఏడేళ్ళ నాటి ఆకులున్నాయి, ఎరుపు కొంచెం మసకబారింది కానీ ఈనెలు ఇంకా అలాగే ఉన్నాయి.